1930లలో లండన్ రేడియో దినచర్య: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత నెల సంచికలో బీబీసీ తొలి సంవత్సరాల గురించి వ్యాసం వచ్చింది. 1922 నవంబరు 14న లండన్‌లో మొదలైన ప్రసారాలు 1939 యుద్ధం దాకా ఎలా పెరిగాయో అందులో చెప్పాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క సంగతే అడిగాయి: మామూలు రోజున పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ రేడియోలో ఏం వచ్చేది, ఎలా వచ్చేది? వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

1935 ప్రాంతంలో బీబీసీ జాతీయ కార్యక్రమం పొద్దున ఎన్నింటికి మొదలయ్యేది? మన ఆకాశవాణిలా తెల్లవారుజామునే వార్తలుండేవా? (తెనాలి నుంచి)

వార్తల మాట అటుంచండి, తెల్లవారుజామున అసలు ప్రసారమే లేదు. పని రోజుల్లో మొదట వచ్చేది పదింబావుకి దైనందిన ప్రార్థన. అది 1928 జనవరి 2న మొదలైంది. ఒక శ్రోత పట్టు వదలకుండా ఉత్తరాలు రాసి, వేలమంది చేత సంతకాలు పెట్టించి దాన్ని సాధించుకుంది. పదిన్నరకి గ్రీన్‌విచ్ సమయ సంకేతం, వెంటనే రైతులకూ ఓడలకూ వాతావరణ సూచన. ఆ తర్వాత ఇల్లాళ్ల కోసం చిన్న ప్రసంగం, బడి పిల్లల పాఠాలు, మధ్యాహ్నం ఆర్గన్ వాద్యమో హోటల్ ఆర్కెస్ట్రానో, మళ్లీ పాఠాలు. సాయంత్రం అయిదుంబావుకి హెన్రీ హాల్ నడిపే బీబీసీ డాన్స్ ఆర్కెస్ట్రా. ఆరింటికి మొదటి వార్తలు. తర్వాత ప్రసంగాలు, కచేరీ, నాటకం లేదా వెరైటీ, రాత్రి రెండోసారి వార్తలు, పదిన్నర దాటాక డాన్స్ సంగీతం, అర్ధరాత్రికి ముగింపు. వివరాలు వారం వారం మారేవి. రెండు పెన్నీల 'రేడియో టైమ్స్' పత్రిక కొనుక్కుని ముందే గుర్తులు పెట్టుకోవడం శ్రోతలకు అలవాటు.

పొద్దున వార్తలు లేకపోవడానికి కారణం పత్రికల యజమానులు. ప్రసారాలు మొదలైనప్పుడే వారితో, వార్తా సంస్థలతో ఒప్పందం కుదిరింది: సాయంత్రం ఏడింటికి ముందు రేడియోలో వార్తలు చదవకూడదు. సాయంకాలం పత్రికలు అమ్ముడుపోవాలి కదా. వార్తలు కూడా బీబీసీ సొంతంగా సేకరించినవి కావు. రాయిటర్స్, ప్రెస్ అసోసియేషన్, ఎక్స్ఛేంజ్ టెలిగ్రాఫ్, సెంట్రల్ న్యూస్ అనే నాలుగు సంస్థలు ఇచ్చినవే. 1926 మే నెలలో సార్వత్రిక సమ్మె వల్ల పత్రికలు ఆగిపోయినప్పుడు ఈ నిబంధన పక్కనపెట్టి రోజుకు అయిదుసార్లు వార్తలు చదివారు. సమ్మె ముగిశాక మళ్లీ పాత కట్టడే. 1930 నాటికి గడువు ఏడు నుంచి ఆరుకి జరిగింది. పొద్దున ఏడింటి వార్తలు రోజూ వినిపించడానికి 1939 సెప్టెంబరులో యుద్ధమే రావలసి వచ్చింది.

ఆ రోజువారీ కార్యక్రమాల పట్టికను శ్రోతల ఇష్టాలకు అద్దంగా చూసేవాళ్లున్నారు. మా దృష్టిలో అది సగం కూడా నిజం కాదు. పత్రికల ఒప్పందం, చర్చి వేళలు, టెలిఫోను లైన్లు, ఇంట్లో బ్యాటరీ ఖర్చు, ఇవన్నీ కలిసి ఆ రోజును మలిచాయి.

కార్యక్రమాల మధ్య నిశ్శబ్దం వదిలేవారని చదివాను. నిజమేనా? సెట్టు చెడిపోయిందని జనం కంగారు పడేవారు కాదా? (వరంగల్)

నిజమే, కావాలనే వదిలేవారు. ఒక కార్యక్రమం అయిపోగానే ఇంకొకటి తోసుకురాకూడదనీ, వినేవాళ్లు ఎంచుకుని వినాలే గాని రేడియోను కుళాయిలా తిప్పి వదిలేయకూడదనీ యాజమాన్యం అభిప్రాయం. సాంకేతిక అవసరం కూడా ఉంది. ఒక ఊరి స్టూడియో నుంచి ఇంకో ఊరికి లైను మార్చి, స్థాయి సరిచూసుకోవడానికి వ్యవధి కావాలి. మీరన్న కంగారు పోవడానికే విరామ సంకేతాలు పెట్టారు. లండన్‌లోని బో చర్చి గంటల రికార్డు ఒకటి, గడియారం టిక్కుటిక్కు ఇంకొకటి. అవి వినబడితే స్టేషన్ బతికే ఉందనీ, డయల్ సరైన చోటే ఉందనీ అర్థం.

విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద పగలు నిలకడగా వస్తుంది, రాత్రి మా ఊళ్లో పైకీ కిందికీ ఊగుతుంది. అప్పట్లో ఒక్క ట్రాన్స్‌మిటర్‌తో ఇంగ్లండంతా ఎలా అందించారు? (ఖమ్మం)

లాంగ్ వేవ్, అంటే తక్కువ పౌనఃపున్యపు పొడవాటి తరంగాల వల్ల. ప్రసార తరంగం రెండు దారుల్లో వస్తుంది: నేల వెంబడి ఒకటి, పై వాతావరణంలోని విద్యుదావేశ పొర తాకి తిరిగొచ్చేది ఇంకొకటి. పగలు మీ విజయవాడ కేంద్రం వాడే మీడియం వేవ్‌లో రెండోది ఆ పొరల్లోనే ఇంకిపోతుంది, కాబట్టి నేల తరంగం ఒక్కటే మీకు అందుతుంది. రాత్రి రెండూ అందుతాయి. మీరుండే దూరంలో వాటి బలాలు దగ్గర దగ్గరగా ఉన్నాయన్నమాట. ఒకసారి కలిసి పెరుగుతాయి, ఒకసారి కొట్టేసుకుంటాయి. ఆ ఊగడం అదే. పౌనఃపున్యం తగ్గేకొద్దీ నేల తరంగానికి నష్టం తక్కువ, అందుకని అది వందల కిలోమీటర్ల దాకా బలంగా నిలుస్తుంది.

బీబీసీ మొదటి లాంగ్ వేవ్ శాశ్వత కేంద్రం డావెంట్రీ. 1925 జూలై 27న బరో హిల్ అనే గుట్ట మీద ప్రారంభమైంది. శక్తి 25 కిలోవాట్లు, తరంగదైర్ఘ్యం 1600 మీటర్లు. దాని స్థానంలో 1934లో డ్రాయిట్‌విచ్ వచ్చింది: 150 కిలోవాట్లు, 1500 మీటర్లు, 700 అడుగుల స్తంభాలు రెండు, వాటి మధ్య ఏరియల్. మీటర్లను కిలోహెర్ట్జ్‌లోకి మార్చుకోవడానికి 3,00,000ని మీటర్లతో భాగించండి. 1500 మీటర్లంటే 200 కిలోహెర్ట్జ్. ఓడల వాతావరణ సూచన లాంగ్ వేవ్ మీద ఇవ్వడానికీ ఇదే కారణం, సముద్రం మీద నేల తరంగం ఇంకా దూరం పోతుంది.

అయితే ఒక తరంగం మీద ఒక కార్యక్రమమే నడుస్తుంది. నచ్చకపోతే సెట్టు కట్టేయడమే. అందుకే లండన్ దగ్గర బ్రూక్‌మన్స్ పార్క్‌లో ఒకే ఆవరణలో రెండు ట్రాన్స్‌మిటర్లు పెట్టి, 1930 మార్చి 9 నుంచి జాతీయ, ప్రాంతీయ కార్యక్రమాలు రెండూ ఒకేసారి ఇవ్వసాగారు. మీకు నచ్చే సంగతి ఒకటుంది: అప్పటి లండన్ ప్రాంతీయ తరంగం 356 మీటర్లు, ఇప్పటి మీ విజయవాడ 358 మీటర్లు. ఆనాటి డయల్ మీద రెండూ దాదాపు ఒకే గీత.

గ్రీన్‌విచ్ సమయ సంకేతంలో వచ్చే ఆరు 'పిప్' చప్పుళ్లలో ఏది అసలు గంట? బిగ్ బెన్ గంటతో గడియారం సరిచేసుకోవచ్చా? (మచిలీపట్నం)

ఆరోది. మొదటి అయిదూ 55, 56, 57, 58, 59 సెకండ్ల దగ్గర పడతాయి, ఆరోది మొదలయ్యే క్షణమే గంట. ఇప్పుడు ఆరోది పొడుగ్గా వినిపిస్తుంది గాని అప్పట్లో ఆరూ సమానమే, ఒక్కోటి సెకండులో పదో వంతు. కాబట్టి లెక్కపెట్టుకోక తప్పేది కాదు. రెండోదో మూడోదో వినిపించాక సెట్టు దగ్గరికొచ్చిన మనిషి తప్పు లెక్కేసుకోవడం ఖాయం. ఇది 1924 ఫిబ్రవరి 5న మొదలైంది. గ్రీన్‌విచ్ వేధశాలలో రెండు గడియారాల లోలకాలకు విద్యుత్ స్పర్శలు అమర్చారు. ఒకటి ఆగితే ఇంకొకటి ఉండాలని రెండు. అక్కడి నుంచి లైను మీద వచ్చిన సంకేతాన్ని బీబీసీలో 1000 హెర్ట్జ్ ధ్వనిగా మార్చి పంపేవారు.

బిగ్ బెన్ విషయంలో లెక్క తిరగబడుతుంది, అక్కడ మొదటి దెబ్బే గంట. మైకు గంటల దగ్గరే ఉంది కాబట్టి రేడియోలో విన్నవాళ్లకు ఆలస్యం లేనట్టే. వీధిలో కిలోమీటరు దూరాన నిలబడి చెవితో విన్నవాళ్లకు మాత్రం దాదాపు మూడు సెకండ్లు ఆలస్యం, ధ్వని వేగం సెకండుకి సుమారు 340 మీటర్లే కనుక.

మా తాతగారి సామాన్లలో రెండు వోల్టుల వాల్వులు మూడున్న ఇంగ్లీషు బ్యాటరీ సెట్టు దొరికింది. దాన్ని పలికించాలంటే ఏం చేయాలి? ఆ రోజుల్లో ఇంట్లో కరెంటు లేకుండా ఇవి ఎలా నడిచేవి? (రాజమహేంద్రవరం)

ముందు రెండో ప్రశ్న. ఇలాంటి సెట్టుకు మూడు బ్యాటరీలు కావాలి. వాల్వుల్లో వేడెక్కే తీగలకు, అంటే ఫిలమెంట్లకు, 2 వోల్టుల సీసం–ఆమ్లం అక్యుములేటర్ (మళ్లీ ఛార్జి చేసుకునే బ్యాటరీ). ఆ తీగల నుంచి ఎలక్ట్రాన్లను లాగే ప్లేట్లకు 120 వోల్టుల హైటెన్షన్ (ఎక్కువ వోల్టేజి) బ్యాటరీ, లోపల 80 పొడి ఘటాలు వరుసగా. ఆ ప్రవాహాన్ని అదుపు చేసే గ్రిడ్‌కు నెగటివ్ వోల్టేజి ఇవ్వడానికి, అంటే గ్రిడ్ బయాస్‌కు, 9 వోల్టుల చిన్న బ్యాటరీ, ఒకటిన్నర వోల్టుకొక గుంట ఉంటుంది. మూడు వాల్వులూ కలిసి సుమారు 0.4 ఆంపియర్లు తాగుతాయి, కాబట్టి 20 ఆంపియర్–అవర్ అక్యుములేటర్ 50 గంటలొస్తుంది. రోజుకు అయిదు గంటలు వింటే పది రోజులు. అందుకే ఇంటికి రెండేసి ఉండేవి, ఒకటి సెట్టులో, ఒకటి ఛార్జింగుకు దుకాణంలో. సాయంకాలం కార్యక్రమాలు కోరి వినే అలవాటులో ఈ లెక్క పాత్ర కూడా ఉంది. పొద్దుటి నుంచి మోగిస్తే నాలుగైదు రోజులకే గాజు సీసా మోసుకుని దుకాణానికి పోవాలి.

ఇక మీ సెట్టు. దొరికింది కదా అని వెంటనే బ్యాటరీలు తగిలించకండి.

వాల్వులు ఊడదీసి డిజిటల్ మల్టీమీటర్‌తో ఒక్కొక్క ఫిలమెంటు చూడండి, కొద్ది ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే కాలిపోయింది, దానికి మరమ్మతు లేదు. తర్వాత వాల్వుల మధ్యనున్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్. ఈ సెట్లలో ఎక్కువగా చచ్చేది ఇదే. వెంట్రుక కన్నా సన్నని తీగ తేమకు ఆకుపచ్చగా చిలుమెక్కి తెగిపోతుంది. ప్రైమరీ చుట్టకు వందల నుంచి వేల ఓముల దాకా ఉండాలి, అనంతం చూపితే తెగినట్టు. కొత్త చుట్ట చుట్టించనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందున్న వాల్వు ప్లేటు నుంచి హైటెన్షన్‌కు 47 కిలోఓముల రెసిస్టర్, ప్లేటు నుంచి తర్వాతి గ్రిడ్ వైపున్న సెకండరీ కొసకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే పని జరుగుతుంది. ధ్వని కొంచెం తగ్గుతుంది. పాత కాగితపు కెపాసిటర్లు లీకవుతాయి, వాటిని మార్చేయండి. లీకైన కపులింగ్ (ఒక వాల్వును తర్వాతి దానికి కలిపే) కెపాసిటర్ గుండా పాజిటివ్ వోల్టేజి గ్రిడ్ మీదికొస్తే చివరి వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగి పాడవుతుంది.

హైటెన్షన్‌కు ఇప్పుడు 9 వోల్టుల చిన్న బ్యాటరీలు 13 వరుసగా గుచ్చండి, 117 వోల్టులొస్తాయి. సెట్టు 10 మిల్లీఆంపియర్లు లాగితే 40 గంటల వరకు వస్తాయి. ఇది షాకు కొట్టే వోల్టేజి, పిల్లలకు దూరంగా ఉంచండి. నెగటివ్ తీగలో ఒక కిలోఓము రెసిస్టర్ తప్పనిసరిగా పెట్టండి. ఆనాడు హైటెన్షన్ తీగ జారి ఫిలమెంటు టెర్మినల్‌కు తగిలి మూడు వాల్వులూ ఒక్క క్షణంలో పోవడం ఇంటింటి కథ. అందుకే టార్చి బల్బు లాంటి ఫ్యూజు పెట్టేవారు. ఈ రెసిస్టర్ ఉంటే అలా తగిలినా 117 మిల్లీఆంపియర్లకు మించదు, ఫిలమెంటు బతుకుతుంది.

తగిలించే క్రమం ఇదీ. మొదట 2 వోల్టులు మాత్రమే. కొలిచి ఇవ్వండి, కార్బన్ ఘటాలు రెండు కలిపి 3 వోల్టులు ఇచ్చారంటే ఫిలమెంట్లు పోతాయి. అవి బల్బుల్లా వెలగవు, చీకట్లో ఎర్రటి చాయ కనిపిస్తే ఎక్కువ. తర్వాత గ్రిడ్ బయాస్: పాజిటివ్ ఫిలమెంటు నెగటివ్‌కు, చివరి వాల్వు ప్లగ్గు 6 లేదా 7.5 వోల్టుల గుంటలో. ఆఖరున హైటెన్షన్. హైటెన్షన్ తగిలి ఉండగా బయాస్ ప్లగ్గు మాత్రం ఎప్పుడూ లాగకండి. స్పీకరు పాత మూవింగ్ ఐరన్ రకమైతే ఎర్ర తీగ హైటెన్షన్ పాజిటివ్ వైపే ఉండాలి. తిరగేస్తే దాని గుండా పోయే కరెంటు అయస్కాంతాన్ని మెల్లగా చంపేస్తుంది.

బ్రిటన్‌లో తపాలా శాఖ లైసెన్సు 100 అడుగుల ఏరియల్ తీగను అనుమతించేది. మీకు 30, 40 అడుగులు చాలు. ఎర్త్ మాత్రం తడి నేలలో దింపిన రాగి గొట్టానికి ఇవ్వండి. పిడుగులు పడే వేళ ఏరియల్‌ను సెట్టు నుంచి తీసి ఎర్త్‌కు కలపండి.

'డబ్ డబ్ డబ్' అని మోటారు పడవ చప్పుడొస్తే హైటెన్షన్ బ్యాటరీలు ముదిరాయని అర్థం. అంతర్నిరోధం పెరిగి చివరి వాల్వు కరెంటు మార్పులు మొదటి వాల్వుకు చేరుతున్నాయి. బ్యాటరీకి అడ్డంగా 2 మైక్రోఫారడ్ కెపాసిటర్, డిటెక్టరు (తరంగం నుంచి ధ్వనిని విడదీసే వాల్వు) ప్లేటు దారిలో 22 కిలోఓములు, అక్కడి నుంచి ఎర్త్‌కు ఇంకో 2 మైక్రోఫారడ్ పెడితే ఆగుతుంది.

రియాక్షన్ నాబ్ (సంకేతంలో కొంత వెనక్కి పంపి బలం పెంచేది) సంగతి విడిగా చెప్పాలి. మెల్లగా ముందుకు తిప్పండి. 'హుష్' మన్న చప్పుడు మొదలవగానే ఒక్క వెంట్రుకవాసి వెనక్కి తీసుకోండి, అక్కడే సెట్టుకు గరిష్ఠ శక్తి. దాటితే కూత పెడుతుంది. ఆ కూత మీ ఇంట్లోనే ఆగదు. ఏరియల్‌కూ డిటెక్టరుకూ మధ్య హై ఫ్రీక్వెన్సీ వాల్వు లేని సెట్టయితే మీ ఏరియలే చిన్న ట్రాన్స్‌మిటరై చుట్టుపక్కల సెట్లన్నిటినీ కూయిస్తుంది. బీబీసీ మొదటి ముఖ్య ఇంజినీరు పీటర్ ఎకర్స్‌లీ దీన్ని మానమని రేడియోలోనే శ్రోతలను బతిమాలాడు. కూసే సెట్లను పట్టుకోవడానికి దిశ చూపే ఏరియళ్లతో తపాలా శాఖ వాన్లు తిరిగేవి.

ఆదివారాలు చప్పగా ఉండేవట? (కర్నూలు)

ఉండేవి. మహానిర్దేశకుడు జాన్ రీత్ పట్టుదల అది. పొద్దున జనం చర్చిలో ఉండాలి గనుక వాతావరణ సూచన తప్పిస్తే పన్నెండున్నర దాకా దాదాపు ఏమీ ఉండేది కాదు. తర్వాత గంభీర సంగీతం, ప్రసంగాలు, రాత్రి ప్రార్థన. డాన్స్ సంగీతం, హాస్యం లేవు. ఆ ఖాళీలోకి 1931లో ఫ్రాన్స్ తీరం నుంచి రేడియో నార్మండీ, 1933లో లక్సెంబర్గ్ దేశం నుంచి రేడియో లక్సెంబర్గ్ దూరాయి. సబ్బులూ పాలపొడులూ అమ్మే కంపెనీల ఖర్చుతో ఇంగ్లీషు పాటలు వేశాయి. లాంగ్ వేవ్ మీదున్న లక్సెంబర్గ్ ఇంగ్లండ్‌లో చక్కగా వినిపించేది. 1938లో రీత్ వెళ్లిపోయే నాటికే ఆదివారం సడలడం మొదలైంది. అతనికి మతం మీదున్న నమ్మకాన్ని తప్పుపట్టం గాని, పోటీదారుకు అంతకన్నా మంచి బహుమతి ఎవరూ ఇవ్వలేరు.

1930 ఏప్రిల్ 18న "ఈరోజు వార్తలేమీ లేవు" అని చదివారంటారు. కట్టుకథా? (గుంటూరు)

కాదు. ఆ రోజు గుడ్ ఫ్రైడే. రాత్రి ఎనిమిది నలభై అయిదు వార్తలకు వార్తలు లేవని చెప్పి మిగిలిన వ్యవధికి పియానో వేశారు. సంస్థలు పంపిన దాంట్లో చదవదగ్గది లేదనిపిస్తే చదవరు, అంతే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు సత్యాగ్రహం సాగుతున్న వారమది. వార్త అంటే ఏమిటో లండన్‌లో ఎవరు నిర్ణయించేవారో దీన్నిబట్టే చూడండి.

ఆ కాలపు ఒక పూర్తి రోజు ప్రసారం రికార్డుగా ఎక్కడైనా ఉందా? (హైదరాబాద్)

బీబీసీది లేదు. దాదాపు అంతా ప్రత్యక్షమే, నాటకం రెండోసారి కావాలంటే నటులు మళ్లీ రావలసిందే. మార్కోనీ–స్టిల్ యంత్రం ఉన్నా దాని మీద వాడేది ప్లాస్టిక్ టేపు కాదు, 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉక్కు పట్టీ. సెకండుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో తిరిగేది. అరగంట కార్యక్రమానికి దాదాపు మూడు కిలోమీటర్ల పట్టీ పట్టేది. తెగితే అతికించడానికి వెల్డింగు చేయాలి. అంత ఖరీదైన ఉక్కును చెరిపి మళ్లీ వాడుకునేవారు గాని దాచుకునేవారు కాదు.

అమెరికాలో మాత్రం ఒక రోజు దొరుకుతుంది. వాషింగ్టన్‌లోని సీబీఎస్ నెట్‌వర్క్ కేంద్రం డబ్ల్యూజేఎస్‌వీ 1939 సెప్టెంబరు 21న పొద్దున ఆరున్నర నుంచి అర్ధరాత్రి దాటేదాకా, సుమారు 19 గంటలు, పూర్తిగా డిస్కుల మీద ఎక్కించి జాతీయ ఆర్కైవ్స్‌కు ఇచ్చింది. యూరప్‌లో యుద్ధం మొదలైపోయినా అమెరికా ఇంకా చేరలేదు. తటస్థత చట్టం మీద రూజ్‌వెల్ట్ కాంగ్రెసులో చేసిన ప్రసంగం, వాషింగ్టన్ జట్టు బేస్‌బాల్ ఆట, ధారావాహికలు, వాటి మధ్య సబ్బు ప్రకటనలు అన్నీ అందులో ఉన్నాయి. పది నిమిషాలు వినండి చాలు, లండన్ పద్ధతికీ దీనికీ తేడా తెలుస్తుంది. అమెరికాలో ఒక్క క్షణం కూడా ఖాళీ వదలరు, ఆ క్షణం ప్రకటనదారుకు అమ్ముడుపోయింది కదా.

లండన్ ప్రసారాలు మనవాళ్లు వినేవారా? ఇక్కడ అప్పటికేం ఉంది? (నెల్లూరు)

షార్ట్ వేవ్ సెట్టున్న కొద్దిమంది వినేవారు. బీబీసీ ఎంపైర్ సర్వీస్ 1932 డిసెంబరు 19న డావెంట్రీ నుంచి మొదలైంది. సామ్రాజ్యాన్ని మండలాలుగా విడదీసి, ఒక్కో మండలానికి అక్కడి సాయంకాలం పడేలా ప్రసారం చేసేవారు. వారం తిరక్కుండానే క్రిస్మస్ రోజు అయిదో జార్జి ప్రసంగం వచ్చింది. లండన్‌లో మధ్యాహ్నం మూడింటి వేళ పెట్టడానికి కారణం అప్పుడే ఎక్కువ దేశాలకు షార్ట్ వేవ్ అందుతుందని. మద్రాసులో అది రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతం.

ఇక్కడ 1924 జూలై 31న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు లేక 1927లో ఆగింది, 1930లో మద్రాసు కార్పొరేషన్ అందుకుంది. బొంబాయిలో 1927 జూలై 23న, కలకత్తాలో ఆగస్టు 26న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ఒకటిన్నర కిలోవాట్ల కేంద్రాలు పెట్టింది. చందాలు చాలక 1930లో మూతపడితే ప్రభుత్వం తీసుకుంది. 1935లో బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్ ఇక్కడి ప్రసారాల అధిపతిగా వచ్చాడు, 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అన్న పేరు స్థిరపడింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. తెలుగు జిల్లాల వాళ్లకు తమ భాష వినిపించింది అక్కడి నుంచే. విజయవాడ కేంద్రం కోసం 1948 డిసెంబరు 1 దాకా ఆగాల్సి వచ్చింది.